దానంతటదే ఎత్తు సర్దుకునే బండిలో వెనుక భాగాన్ని 20 మిల్లీమీటర్లు దించడం ఎలా?

పెద్దలకు నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నా దగ్గర వెనుక నివోమాట్ డంపర్లు (బరువును బట్టి వాటంతటవే ఎత్తు సర్దే షాక్ అబ్జార్బర్లు) ఉన్న పాత వోల్వో ఎక్స్‌సీ90 కారు ఉంది. నాన్నగారి చక్రాల కుర్చీని డిక్కీలోకి ఎత్తడం అమ్మకు కష్టమవుతున్నందున వెనుక భాగాన్ని సుమారు 20 మిల్లీమీటర్లు దించాలనుకుంటున్నాను. అంతకు మించి అక్కర్లేదు, రాయగడ వైపు ఘాట్ రోడ్లలో అడుగుభాగం రాళ్లకు తగులుతుంది.

ఇక్కడి మెకానిక్ స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే చాలంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఈ డంపరులో గాలి కంప్రెసరు గానీ, ఎత్తును కొలిచే సెన్సారు గానీ లేవు; చక్రం ఎగిరిపడే కదలికతోనే లోపలి పంపు నూనెను అధిక పీడనానికి తోసి, కొద్ది దూరం నడిచేసరికి బండిని నిర్ణీత ఎత్తుకు లేపుతుంది. కాబట్టి స్ప్రింగును పొట్టి చేసినా, ఆ లోటును డంపరే భర్తీ చేసి, అదనపు బరువు మోస్తూ త్వరగా అరిగిపోదా?

డంపరును బాడీకి బిగించే పైచివరి స్థానాన్నే కొద్దిగా పైకి జరిపితే ఎత్తు నిజంగా తగ్గుతుందనిపిస్తోంది, కానీ అప్పుడు గుంతల్లో బంప్ స్టాపు (సస్పెన్షన్ మరీ అణగకుండా ఆపే రబ్బరు దిమ్మ) ముందే తగులుతుందా? లేక మామూలు డంపర్లు, వాటికి తగిన గట్టి స్ప్రింగులు వేయించుకోవడమే మేలా? ఈ పని చేయించినవారు దయచేసి వివరించగలరు.