ఒంటరిగా ఆరు వారాలు, భుజాన ఒక్క బ్యాగు: బయల్దేరేముందు ఈ గుబులు ఎలా తగ్గుతుంది?

కిటికీపక్కసీటు:
ఇంకా 19 రోజులుంది. టికెట్ కొన్న రోజు ఎగిరి గంతేశాను. ఇప్పుడేమో రాత్రి రెండింటికి మెలకువొచ్చి ఫ్యాను చూస్తూ పడుకుంటున్నా. దేశం దాటడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కదాన్నే. మూడు దేశాలు, హాస్టళ్లలోనే మకాం. పర్సు పోతే? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఇమిగ్రేషన్‌లో ఏదైనా అడిగితే నోరు పెగలకపోతే? ముక్కూమొహం తెలియని ఎనిమిది మంది మధ్య నిద్ర పడుతుందా? చెప్పుకోడానికి సిగ్గేసేది ఇంకోటుంది: వారం తిరక్కుండానే ఇంటిమీద బెంగతో వెనక్కొచ్చేస్తానేమోనని. దయచేసి "ఏం కాదులే" అనకండి. మీరేం చేశారో చెప్పండి.

మూటాముల్లె:
అననండి, నాకు అయింది కాబట్టి. మొదటి ట్రిప్పులో నాలుగో రోజు తెల్లారుజామున నైట్ బస్సు నేను దిగాను, నా పర్సు దిగలేదు. రెండు కార్డులూ అందులోనే. ముందుచూపుతో రెండు తీసుకెళ్లినవాణ్ణి, రెంటినీ ఒకే అరలో పెట్టాను చూడండి, అదీ మన తెలివి! పాస్‌పోర్టు నడుముకి కట్టుకున్న సంచిలో ఉండబట్టి బతికిపోయాను. పక్క మంచం కుర్రాడు అప్పిచ్చాడు, మూడో రోజుకి ఇంటినుంచి డబ్బు అందింది.

ఇప్పుడు ఒక కార్డు ఒంటిమీద, ఒకటి పెద్ద బ్యాగు అడుగున, దాంతోపాటే కొన్ని డాలర్లు. కార్డు బ్లాక్ చేసే నంబరు కాగితం మీద రాసుకోండి, పర్సుతోపాటు ఫోను కూడా పోవచ్చు. ఓటీపీలొచ్చే సిమ్‌కి బయటి దేశంలో మెసేజ్‌లు అందుతాయో లేదో ఈ వారమే కనుక్కోండి. ఏటీఎం తెర మీద "మీ దేశం కరెన్సీలో లెక్క కట్టాలా" అని వస్తే వద్దనండి, ఆ రేటులో వాళ్ల లాభం కలిపి ఉంటుంది.

నన్నడిగితే అసలు గుబులంతా మొదటి సాయంత్రానిదే. అందుకే మొదటి 24 గంటలు మాత్రం పెళ్లి ముహూర్తంలా లెక్కేసుకోండి: పగలు దిగే ఫ్లైటు, ఎయిర్‌పోర్టు నుంచి ఏ బస్సు, ఆఖరి బస్సు ఎన్నింటికి, హాస్టల్ రిసెప్షన్ ఎప్పటిదాకా తీసుంటుంది, అడ్రసు అక్కడి లిపిలో, మ్యాప్ నెట్ లేకపోయినా తెరుచుకునేలా. మిగతా 41 రోజుల్ని వదిలేయండి, అవే దారి చూసుకుంటాయి.

ఇమిగ్రేషన్‌లో మామూలుగా అడిగేవి మూడే: ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఎప్పుడెళ్తారు. హాస్టల్ బుకింగూ తిరుగు టికెట్టూ ప్రింటు తీసి చేతిలో పెట్టుకుంటే నోరు పెగలకపోయినా కాగితం మాట్లాడుతుంది. పాస్‌పోర్టు గడువు చూశారా? చాలా దేశాలు ఆరు నెలలు మిగిలుండాలంటాయి. షెంజెన్ దేశాలైతే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) అక్కడినుంచి వెళ్లిపోయే రోజు తర్వాత మూడు నెలలుండాలి, పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు.

కిటికీపక్కసీటు:
ఇది చదివి లేచి బీరువా తీశాను. 14 నెలలుంది. హమ్మయ్య.

తెల్లకోటు:
ఆసుపత్రిలో పనిచేస్తాను, జ్వరం సంగతి నాకొదిలేయండి. 19 రోజులన్నారు, అందుకే ముందిది: మీ దారిలో ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశముంటే, ఆ సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలని 2016లో నిబంధన మారింది. కాబట్టి ఈ వారమే డాక్టర్ని కలవండి. మందులు వాటి పెట్టెల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా పట్టుకెళ్లండి. మామూలు జలుబు మందు కూడా ఒక్కోచోట నేరం. జపాన్‌లో సూడోఎఫిడ్రిన్ (ముక్కుదిబ్బడ తగ్గించే మందు) 10 శాతం మించిన మందులు తీసుకెళ్లకూడదు. విరేచనాలైతే ఓఆర్ఎస్. అది దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు చిన్నవే. కుక్కో కోతో కరిస్తే, గీరినా సరే, 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు టీకాకి వెళ్లండి. "చిన్న గాటే కదా" అనుకోవద్దు.

ఇన్సూరెన్స్‌లో స్కూటర్ గురించి ఏం రాశారో చదవండి. సరైన లైసెన్సు లేకుండా అద్దె బండి నడిపి పడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

ఒంటరిపిట్ట:
అమ్మాయ్, నీ ఆఖరి భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. బెంగ వస్తుంది. నాకు తొమ్మిదో రోజు వచ్చింది, బట్టలు తిరుగుతున్న వాషింగ్ మెషీన్ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పక్కన నవల చదువుకుంటున్న ముసలాయన తల కూడా ఎత్తలేదు, అదీ ఒకందుకు మేలైంది. తర్వాత తెలిసింది, తొమ్మిది రోజుల్లో ఐదు ఊళ్లు మారానని. అది బెంగ కాదు, అలసట. ఆ ఊళ్లోనే నాలుగు రోజులుండిపోయాను, రోజూ అదే బల్ల దగ్గర టిఫిను. మూడో రోజుకి అక్కడి పిల్లాడు నన్ను చూసి చెయ్యూపాడు.

డార్మ్‌లో, అంటే నలుగురితో పంచుకునే గదిలో, కింది మంచం అడుగు, ఆడవాళ్లకి విడిగా గదుంటే అదే తీసుకో. ఇయర్‌ప్లగ్గులు, కళ్లకి గంతలు, సొంత తాళం. పడుకునేముందు పరుపు కుట్ల దగ్గర నల్లచుక్కలున్నాయేమో చూడు, ఉంటే నల్లులే, గది మార్చమను. ఇంట్లోవాళ్లకి "రోజూ ఫోన్ చేస్తా" అని మాటివ్వకు, ఒక్కరోజు సిగ్నల్ లేకపోతే వాళ్ల ప్రాణం మీదకొస్తుంది. "ఊరు మారినప్పుడల్లా మెసేజ్ పెడతా" అను.

కిటికీపక్కసీటు:
అక్కా, వాషింగ్ మెషీన్ సంగతి రెండుసార్లు చదివాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. రెండో కార్డు బ్యాగు అడుగున ప్యాంటుల మధ్య దాక్కుంది. ఇక సామాను: 40 లీటర్ల బ్యాగు, ఇప్పటికి 11 కిలోలు.

మూటాముల్లె:
చాలా విమానాల్లో క్యాబిన్‌కి ఏడు కిలోలే. బట్టలు సగం తీసేయండి. పవర్‌బ్యాంకు మాత్రం చెక్-ఇన్‌లో వేయకండి, దగ్గరే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు చాలు, 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 అవుతుంది.

కిటికీపక్కసీటు:
బూట్లు రెండు జతలా?

ఒంటరిపిట్ట:
ఒక్కటే, కాళ్లకున్నది. బ్యాగులోకి రబ్బరు చెప్పులు.