వేక్‌బోర్డింగ్ పడవ వెనక అల పెద్దది కావాల: 500 లీటర్ల ట్యాంకులు రెండు పెడితే చాలా?

పెన్నాతీరం, జమ్మలమడుగు:

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి హైదరాబాదులో ఒకాయన దగ్గర 20 అడుగుల ఫైబర్ పడవ పాతది కొన్నా. పెట్రోలు ఇంజను పడవ లోపల వెనకపక్క ఉంటాది, ప్రొపెల్లరు కాలు మాత్రం వెనక గోడ దాటి నీళ్లలోకి దిగి ఉంటాది. నడిపేది నేను. పడవ లాగుతాంటే తాడు పట్టుకొని పలక మీద నిలబడి అల మీద ఎగిరేదే వేక్‌బోర్డింగ్, అది ఆడేది మా తమ్ముడు, వాని స్నేహితులు. గండికోట జలాశయం వెనక నీళ్లలో తిప్పాలని నా ఆశ. అనుమతి కాగితాల పని నడుస్తాంది, అది వేరే సంగతి.

ఇబ్బందంతా అలతోనే. గంటకు 32 కిలోమీటర్ల మీద పోతాంటే వెనక లేచే అల మోకాటి ఎత్తు గూడా రాదు. ఐదుమంది ఎక్కితే కొంచెం మేలు, ఇద్దరమే ఉన్నప్పుడు చప్పగా పడిపోతాది. బరువుంటే అల లేస్తాదని అట్ల అర్థమయింది. అందుకని 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకులు రెండు వెనక సీటుకు అటూ ఇటూ బిగించి, చీనీ తోటలో మందు కొట్టే స్ప్రేయరు పంపు 12 వోల్టులదే కాబట్టి దాంతో నింపుదామనుకుంటాండా. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చుట్ట ఉంది, కరెంటుకు అది వాడతా. పడవ లోపల బరువు పరిమితి రేకు మీద 9 మంది లేదా 1,400 పౌండ్లు అని రాసి ఉంది.

ఇది పని చేస్తాదా? తాడు వదిలేసి అల మీదనే జారే ఆట, వేక్‌సర్ఫింగ్, అది గూడా ఈ పడవతో అవుతాదా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

కువైట్ మెకానిక్, రాయచోటి:

తమ్ముడూ, ట్యాంకులు కొనకముందే అడిగినావు, చాలా మంచి పని. నేను కువైట్‌లో 11 ఏండ్లు పడవల వర్క్‌షాపులో పని చేసి వచ్చినా. నీళ్ల సంచులు బిగించడం, వేరేవాళ్లు తప్పుగా బిగించినవి విప్పడం, రెండూ చేసినా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాండా, ఓపిగ్గా చదువు.

ముందు లెక్క. లీటరు నీళ్లంటే కేజీ. నీ రెండు ట్యాంకులు నిండితే టన్ను. రేకు మీది 1,400 పౌండ్లంటే 635 కేజీలు, అది మనుషులూ సామానూ కలిపి. అంటే మనిషి కాలు పెట్టకముందే పరిమితి దాటిపోతాది. కాబట్టి మనుషుల నుంచి మొదలుపెట్టు. ఐదుమంది, తలా 70 అనుకుంటే 350. లంగరు, జాకెట్లు, పలకలు, తాళ్లు ఒక 40. మిగిలింది 245. నీళ్ల వాటా అంతే. ఆరో మనిషి ఎక్కితే 70 లీటర్లు బయటికి పోవాల. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నా, టీవీ ముందు నుంచి లేవలేకపోయినా. పడవ పని చేసేవాడు ఆ రోజును మరిచిపోకూడదు. రేకు మీద రాసిన అంకెను ఎవరూ నీకు సర్ది చెప్పనీకు.

రెండోది, ట్యాంకు వద్దు, సంచి కావాల. సగం నిండిన నీళ్ల ట్యాంకరు గువ్వలచెరువు ఘాట్లో మలుపు తిరిగేటప్పుడు ఎట్ల తూగుతాదో చూసే ఉంటావు. పడవలో గూడా అంతే: ఒకపక్కకు వంగితే నీళ్లన్నీ ఆపక్కకే పరిగెత్తి ఇంకా వంచుతాయి. దళసరి రబ్బరు గుడ్డ సంచి అయితే లోపలి గాలి తీసేస్తే నీళ్ల మీద అతుక్కొని కూర్చుంటాది, ఊగేదానికి జాగా ఉండదు. దాన్ని గూడా పట్టీలతో కట్టాల. నీకు వెనక కుడి ఎడమల 90 లీటర్లవి రెండు, ముందు సీటు కింద 60 లీటర్లది ఒకటి చాలు. మొత్తం 240.

ముందర ఎందుకంటావేమో. బరువంతా వెనకనే పెడితే అల నిట్టనిలువుగా, పొట్టిగా లేస్తాది, నురగ ఎక్కువ. ముక్కు పైకెత్తుకొని నీకు ముందర నీళ్లు కనపడవు, పడవ నీళ్ల మీదికి లేచేదానికీ ఆలస్యమవుతాది. ముక్కులో కొంచెం బరువు పడితే అల వాలుగా, పొడుగ్గా, నున్నగా సాగుతాది. మీ తమ్ముడు ఎక్కి ఎగరాల్సింది ఆ వాలు మీదనే.

వేక్‌సర్ఫింగ్ మాట మటుకు ఈ పడవతో వద్దు. ఆ ఆటలో మనిషి పడవకు రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉంటాడు, వేగం గంటకు 16, 18 కిలోమీటర్లే. నీ ప్రొపెల్లరు వెనక గోడ దాటి బయటనే తిరుగుతాంది. పడినవాడు నేరుగా దాని మీదికి పోవచ్చు. ప్రొపెల్లరు పడవ అడుగున, బాగా లోపలికి ఉండే పడవలకే ఆ ఆట. వేక్‌బోర్డింగులో తాడు 20 మీటర్ల పైన ఉంటాది, అది వేరు.

ఇప్పుడు పైపుల సంగతి. నేను చూసిన ప్రమాదాలన్నీ ఇక్కడే మొదలయినాయి. పడవ అడుగున రంధ్రం చేసి నీళ్లు లోపలికి తెస్తాండావు, ఈ మాట పని అయిపోయేవరకూ మనసులో పెట్టుకో. రంధ్రం కోసిన అంచుకు ఎపాక్సీ పూసి ఆరబెట్టి, తర్వాతే పడవలకు వాడే సీలెంటుతో ఇత్తడి ఫిట్టింగు బిగించాల. ఆ ఫిట్టింగు మీదనే, మధ్యలో పైపు లేకుండా, ఇత్తడి బాల్ వాల్వు. పని లేనప్పుడు అది మూసే ఉండాల. వాల్వు తర్వాత జల్లెడ, అక్కడి నుంచి మూడు పంపులకు మూడు దారులు.

పంపు ఉల్టా సీదా తిరిగే రబ్బరు ఇంపెల్లరు రకం తీసుకో. ఒకే పంపు, ఒకే పైపు: స్విచ్చి ఒకపక్కకు నొక్కితే నింపుతాది, ఇంకోపక్కకు నొక్కితే తోడేస్తాది. ఇంపెల్లరు అడ్డం ఉంటాది కాబట్టి ఆపేస్తే నీళ్లు ఊరికే పారవు. ఫ్యాను రకం పంపు అగ్గువ గానీ, అది ఆగినా దారి తెరిచే ఉంటాది. పడవ వేగానికి నీళ్లు వాటంతటవే లోపలికి తోసుకొని వస్తాయి, లేదా సైఫన్ పట్టి సంచి ఖాళీ అవుతాది. రబ్బరు రకానికి ఒక బలహీనత ఉంది: నీళ్లు లేకుండా తిరిగితే నిమిషాల్లోనే రబ్బరు కాలిపోతాది. సంచి ఖాళీ అయిన శబ్దం వినపడిన వెంటనే చెయ్యి తీసెయ్యాల. వరద కాలంలో పెన్నలో వచ్చే ఒండ్రు గూడా దాన్ని అరగదీస్తాది, పెట్టెలో ఒకటి అదనంగా పెట్టుకో.

ప్రతి సంచి నెత్తిన ఒక గాలి పైపు ఉండాల. అది పైకి పోయి, పడవ అంచు కిందుగా మెడలాగ వంగి బయటికి తెరుచుకోవాల. బరువు పూర్తిగా ఎక్కినాక గూడా ఆ నోరు నీళ్లకు పైననే ఉండాల. కువైట్‌లో ఒక పడవకు ఈ నోరు నాలుగు వేళ్లు కిందికి పెట్టినారు. ఖాళీగా ఉన్నప్పుడు బాగనే కనపడింది. సంచులు నిండి పడవ దిగినాక అది నీళ్లలో మునిగి, పొద్దున్నే చూస్తే వెనక సీటు దాకా నీళ్లు.

కరెంటు. 2.5 వైరు ఇంటికి మంచిదే. ఇక్కడ 12 వోల్టులు, 15 ఆంపియర్లు అనుకో, పోను రాను 10 మీటర్ల వైరు: ఒక వోల్టు దారిలోనే పోతాది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే అర వోల్టు లోపే. తగరం పూత ఉండే రాగి వైరు తీసుకో. ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరం లోపలే పెట్టు. ఇంజను గదిలో పెట్టే పంపు నిప్పురవ్వ బయటికి రాని రకం అయ్యుండాల. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పోయి అడుగున కూర్చుంటాది. స్ప్రేయరు పంపును అందుకే వద్దంటాండా. అది నిమిషానికి ఐదు లీటర్లు గూడా సరిగ్గా పోయదు, నింపేదానికి ముక్కాలు గంట పడుతాది, అది వేరే.

డ్రిప్ షాపు, తాడిపత్రి:

మెకానిక్ అన్న చెప్పిన గాలి పైపు మా రైతులకు తెలిసిన సంగతే. బోరు లైనులో ఎయిర్ వాల్వు లేకుంటే పైపు ఎట్ల కొట్టుకుంటాదో అట్లనే సంచి గూడా గాలి పట్టి సగమే నిండుతాది. నాదొక మాట: ఖర్చు తగ్గాలంటే ఫ్యాను రకం పంపులే వేసి, ప్రతి లైనుకూ నీళ్లు వెనక్కి పోనియ్యని రిటర్న్ వాల్వు ఒకటి పెడితే సరిపోదా? పైపులకు పీవీసీ వాడితే మన దగ్గరే అన్ని సైజులూ దొరుకుతాయి.

కువైట్ మెకానిక్, రాయచోటి:

అన్నా, రిటర్న్ వాల్వు మాట సరైనదే. ఫ్యాను రకం వేస్తే సంచి నీళ్లు వెనక్కి పోకుండా అది ఆపుతాది, పడవ వేగానికి లోపలికి తోసుకొచ్చే నీళ్లను మటుకు ఆపదు. అయితే అప్పుడు తోడేదానికి వేరే పంపు, వేరే లైను కావాల, మూడు సంచులకు ఆరు పంపులు. మిగిలేది పెద్దగా ఉండదు. పీవీసీ మటుకు వద్దు. చేనులో పైపు కదలదు. పడవలో ప్రతి అలకూ గుద్దుకుంటాది, ఎండకు పెళుసు బారి అతుకు దగ్గర చీలుతాది. లోపల తీగ చుట్టిన మెత్తటి పైపు, నీళ్ల మట్టానికి కింద ఉండే ప్రతి కొసకూ స్టీలు క్లిప్పులు రెండేసి.

తాళ్లప్రొద్దుటూరు ఆడబిడ్డ, కడప:

నాకు పంపుల గురించి తెలీదు తమ్ముడూ. గండికోట పేరు చూసి రాస్తాండా. మా ఊరు ఆ నీళ్ల కిందనే ఉంది. 2020లో మేము సామాన్లు ఎత్తుకొని వచ్చేటప్పటికే నీళ్లు వీధుల్లోకి వచ్చినాయి. కొన్ని ఇండ్లు పడగొట్టినారు, కొన్నిటి గోడలు అట్లనే నిలబడి ఉండాయి. చింతచెట్లు, వేపచెట్లు, కరెంటు స్తంభాలు గూడా. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు. ఎండాకాలం మట్టం తగ్గితే కొమ్మలు నీళ్ల అడుగున జానెడు, మూరెడు లోతులో ఉంటాయి. బరువు పెడితే పడవ ఇంకా కిందికి దిగుతాదని మీరే అంటాండారు. కొండాపురం పక్క, మా ఊరి పక్క ఆ ఆట ఆడొద్దు. పడినోడి కాలు కంపలో చిక్కుకుంటే మీరు పడవ తిప్పి వచ్చేలోగా ఏమైనా కావచ్చు. మా నాయన ఇప్పటికీ ఆ ఒడ్డుకు పోతే, నీళ్ల మీద చెయ్యి చూపించి ఇది మన రచ్చబండ, ఇది మన గుడి అంటాడు. ఆయనకు ప్రతి చెట్టు గుర్తుంది. మీరు వస్తానంటే కూర్చోబెట్టి చెప్పిస్తా.

పెన్నాతీరం, జమ్మలమడుగు:

అక్కా, మీ మాట చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయినా. పోయిన ఆదివారం కడపకు వచ్చి నాయనతో కూర్చున్నది నేనే, ఇక్కడ గూడా చెప్పాలని రాస్తాండా. ఆయన గీసి ఇచ్చిన పటం పట్టుకొని, లోతు చూపించే మీటరు పెట్టుకొని, పడవను నెమ్మదిగా నడిపి చూసినా. ఆయన చింతచెట్టు అన్నచోట మీటరులో నిజంగానే ఎత్తుగా ఏదో లేచింది. ఆ పక్కంతా వదిలేసినా.

మెకానిక్ అన్నా, మీరు చెప్పినట్లే 90, 90, 60 సంచులు. పంపులు మూడూ ఉల్టా సీదా రకం. మొదట మనుషులు లేకుండా నింపి, నీళ్లు తాకిన చోట పడవ చుట్టూ టేపు అంటించినా. తర్వాత ఐదుమందిమి ఎక్కి మళ్లీ అంటించినా. గాలి పైపు నోరు ఆ రెండో గీతకు జానెడు పైనే ఉంది. వెనక సంచి నిండేదానికి నాలుగు నిమిషాలు పడుతాంది. అల ఇప్పుడు తొడ దాకా వస్తాంది, తమ్ముడు మొదటిసారి ఈపక్క నుంచి ఆపక్కకు దాటినాడు.

ఒకటే అనుమానం. వేగం తగ్గించేటప్పుడు ముక్కు కిందికి పోయి నీళ్లు ఎక్కుతాయేమో అనిపిస్తాంది. ఇంజను గూడా ముందున్నంత చురుగ్గా లేదు.

కువైట్ మెకానిక్, రాయచోటి:

టేపు పని చూసి నాకు చాలా సంతోషమయింది తమ్ముడూ. ఒక్కసారిగా గ్యాసు వదలొద్దు. అట్ల వదిలితే నీ అలనే వెనక నుంచి వచ్చి పడవను తోస్తాది, ముక్కు ముంచుతాది. మెల్లగా తగ్గించి, అల దాటిపోయినాక తిప్పు. ముందు సీట్లో మనుషులు కూర్చున్న రోజు ముక్కు సంచి ఖాళీగానే పెట్టు.

ఇంజనుకు ఏమీ కాలేదు, బరువు పెరిగింది అంతే. పిచ్, అంటే ప్రొపెల్లరు ఒక చుట్టుకు ముందుకు పోయే లెక్క దూరం, ఒకటి రెండు అంగుళాలు తక్కువుండేది వేస్తే మళ్లీ చురుగ్గా లాగుతాది. ఇప్పుడున్న ప్రొపెల్లరు మీద అంకెలు చెక్కి ఉంటాయి, 14 మధ్యలో ఒక గీత, 19, అట్లాంటివి. ఫోటో తీసి పంపు. ఇంకొకటి, పడవను ట్రైలరు మీదికి ఎక్కించకముందే సంచులు పూర్తిగా తోడెయ్యి. 240 కేజీలు మోస్తూ ఒడ్డెక్కితే ట్రైలరు ఇరుసు మీద పడుతాది.