డెంగ్యూకి కొత్త మందు కోసం వెతకడం డబ్బు దండగేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మొన్న వానాకాలం మా నాన్నగారికి డెంగ్యూ వచ్చింది. నాలుగు రోజులు 103 జ్వరం. ఐదో రోజు పొద్దున్న ఒళ్లు చల్లబడితే అమ్మ ‘హమ్మయ్య’ అనుకుని ఇడ్లీ పెట్టింది. సాయంత్రం నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా వచ్చాయి, ఒకటే కడుపు నొప్పి. ఆసుపత్రిలో సెలైన్ తప్ప ఏమీ ఎక్కించలేదు, బతికారు. మరి వైరస్‌ని చంపే మందు కోసం కోట్లు తగలేయడం ఎందుకు? ఆ డబ్బేదో మురుగు కాలవల మీద పెట్టొచ్చుగా?

బొబ్బిలి సిస్టర్:
జ్వరం తగ్గాకే అసలు గండం అండీ. రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు, మేం పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరుగుతోందా, అంటే రక్తం చిక్కబడుతోందా అని చూస్తాం. సరిగ్గా చూసుకుంటే తీవ్రమైన డెంగ్యూలో కూడా మరణాలు 1 శాతం లోపే. నా ఓటు సెలైన్‌కే.

పలాస కుర్రాడు:
బొప్పాయి ఆకు రసం ఉండగా ఇవన్నీ ఏటండీ?

బొబ్బిలి సిస్టర్:
తాగి వాంతులు చేసుకుంటే ఆ బకెట్ ఎత్తేది మేమే బాబూ.

పైడిభీమవరం కెమిస్టు:
నాగావళి గారూ, మీరన్నది సగం ఒప్పుకుంటా. వైరస్‌ని ఆపే మందులని వియత్నాంలో బాలపిరవిర్, సింగపూర్‌లో సెల్గోసివిర్ డెంగ్యూ రోగులకి ఇచ్చి చూశారు, రెండూ తుస్సుమన్నాయి. రోగి మంచం ఎక్కేసరికి వైరస్ దానంతటదే తగ్గుముఖం పడుతుంది. దొంగ వెళ్లిపోయాక తాళం వేసినట్టే.

కానీ అందుకని వెతకడమే మానేస్తామా? ఎబోలా చూడండి. 2018-19లో కాంగోలో నాలుగు మందులు పక్కపక్కన పెట్టి పరీక్షించారు. రెమ్‌డెసివిర్ తీసుకున్నవాళ్లలో 53 శాతం పోయారు. యాంటీబాడీ మందులు రెండింటిలో ఆ లెక్క 33, 35కి దిగింది. 2020లో ఆ రెండింటికీ అమెరికాలో అనుమతి వచ్చింది. ఓడిన రెమ్‌డెసివిర్ కోసమే కదా కోవిడ్‌లో మనం బ్లాకులో ఎగబడింది!

డెంగ్యూలో నాకు ఆశ పుట్టించింది మోస్నోడెన్విర్. వైరస్ తన కాపీలు తీసుకోవాలంటే దాని ఎన్‌ఎస్3, ఎన్‌ఎస్4బి ప్రోటీన్లు జత కట్టాలి. ఇది ఆ జతని కుదరనివ్వదు. పైగా నోటితో మింగే మందు. జబ్బు రాకముందే వాడి చూద్దామని పరీక్ష మొదలెట్టి, 2024 అక్టోబరులో కంపెనీ ఆపేసింది. మందు హాని చేసి కాదు, వాళ్ల వ్యాపార ప్రాధాన్యాలు మారి. డెంగ్యూ పేదవాడి జబ్బు కదా మరి.

ఉద్దానంలో కిడ్నీ పాడైన మనిషికి డెంగ్యూ వస్తే సెలైన్ ఎంతని ఎక్కిస్తారు సిస్టర్? ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇంట్లో ఒకరికి డెంగ్యూ అని తేలగానే, అలాంటివాళ్లకి ముందుగా వేసే మాత్ర ఉంటే?

బొబ్బిలి సిస్టర్:
ఆ కేసులంటే మాకూ టెన్షనే, కాదనను. కానీ డెంగ్యూ అని తేలేది ఎప్పుడు సార్? రక్తంలో వైరస్ ప్రోటీన్‌ని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి రోజుల్లో చేయాలి. మావాళ్లు మూడు రోజులు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజక్షన్లు వేయించుకుని అప్పుడు వస్తారు. డెంగ్యూలో ఆ ఇంజక్షన్లతో రక్తస్రావం ఇంకా ముదురుతుంది.

నాగావళి ఒడ్డు:
మా నాన్నగారికీ రెండు వేయించాం సిస్టర్. నేనే బండి మీద తీసుకెళ్లాను.