కృత్రిమ మోకీలులో చీము: లేజరుతో పోతుందా?

అడిగినవారు: ఆరాటం

మా అమ్మకు 68 ఏళ్లు. రెండేళ్ల కిందట కుడి మోకీలు మార్పిడి జరిగింది. మొదట్లో మెట్లు కూడా ఎక్కేది. తరువాత నెమ్మదిగా నొప్పి, వేడి, వాపు. ఇప్పుడు పాత కోత మచ్చ పక్కన ఆవగింజంత రంధ్రం పడి పసుపు నీరు కారుతోంది. కట్టు మార్చేది నేనే. అప్పుడప్పుడూ ఆ రంధ్రం మూసుకుంటుంది, తగ్గిపోయిందని అమ్మ సంబరపడుతుంది, అంతలోనే మళ్లీ తెరుచుకుంటుంది.

లోపలి లోహపు కీలు మొత్తం తీసేసి, కొన్ని వారాల తరువాత కొత్తది పెట్టాలని సర్జన్ గారు అంటున్నారు. అంటే రెండు ఆపరేషన్లు. ఈలోగా అన్నయ్య కృత్రిమ కీళ్ల మీది బ్యాక్టీరియాను లేజరుతో చంపుతున్నారని ఎక్కడో చదివి అమ్మ చెవిన వేశాడు. అప్పటినుంచీ ఆమెది ఒకటే మాట: "వెలుగుతో చచ్చే పురుగు కోసం నా కాలు మళ్లీ కోయడమెందుకు?" ఆమెకు ఏమని చెప్పాలి? చర్మం పైనుంచి లేజరు వేసే వీలుందా?

పాతకత్తి

కీళ్ల మార్పిడులు చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించినవాణ్ని. అమ్మగారిని చూడలేదు కనుక ఆమె కాలి మీద తీర్పు చెప్పను, లేజరు సంగతి మాత్రం చెబుతాను.

ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. వెలుగుతో సూక్ష్మజీవులు చస్తాయి. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, అక్రిడీన్ రంగు కలిపిన నీటిలోని పారమీసియంలనే ఏకకణ జీవులు వెలుగు తగిలితే చనిపోతున్నాయని గమనించాడు. ఇప్పటి పద్ధతికి మూలం అదే. మిథిలీన్ బ్లూ లాంటి రంగు పూసి 660 నానోమీటర్ల ప్రాంతంలోని ఎర్ర కాంతి వేస్తారు. ఆ రంగు పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది, అది బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రంగుతో పనిలేని రకం అర్బియం యాగ్ లేజరు. దాని 2940 నానోమీటర్ల కాంతిని నీరు విపరీతంగా పీల్చుకుంటుంది. బ్యాక్టీరియా లోహం మీద కట్టుకునే బంకపొర, అంటే బయోఫిల్మ్, చాలా వరకు నీరే. ఆ నీరు ఒక్కసారిగా ఆవిరైతే పొర ఊడివస్తుంది. దంత ఇంప్లాంట్ల చుట్టూ దీన్ని వాడుతున్నారు కూడా.

మరి మోకాలికి ఎందుకు కుదరదు? దంత ఇంప్లాంటు దగ్గరకు పరికరం కొన నేరుగా చేరుతుంది. మోకీలు కండ కింద, చర్మం కింద ఉంటుంది. ఎర్ర కాంతి పనికివచ్చే బలంతో కొద్ది మిల్లీమీటర్ల లోతుకే దిగుతుంది. 2940 కాంతి చర్మపు పైపొర దాటదు. కనుక పైనుంచి వేయడమన్నది మరిచిపోండి. ఫిజియోథెరపీలో నొప్పికి పెట్టే లేజరు వేరే జాతి. చీము ఉన్న కీలు మీద దాన్ని పెడతామంటే ఒప్పుకోవద్దు.

అంటే ఎలాగూ తెరవాలి. తెరిచినా కాంతి తిన్నగానే పోతుంది, మలుపు తిరగదు. తొడ ఎముకకు తొడిగిన లోహపు తొడుగు బయటి ముఖం మీద పడుతుంది, సరే. ఆ తొడుగు లోపలి ముఖం, సిమెంటుకూ ఎముకకూ మధ్య సందు, కింది ఎముకలోకి దిగిన కాడ చుట్టుపక్కలు, మోకాలి వెనక మూల? ఇంతకాలంగా ముదిరిన ఇన్ఫెక్షన్ పాతుకునేది అక్కడే. గోడ లోపల చెదలు పట్టిన ఇంటికి బయట సున్నం కొట్టినట్టు అవుతుంది. పైగా వేడి. 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, ఎముక దెబ్బతింటుందని 1980లలోనే జంతువుల మీద చూపారు. లోహం వేడిని చకచకా ఎముకకు చేరవేస్తుంది.

నా ఆశ తాజా ఇన్ఫెక్షన్ల మీద ఉంది. లక్షణాలు మొదలై మూడు నాలుగు వారాలు దాటకుండా, కీలు వదులు కాకుండా ఉంటే లోహాన్ని ఉంచి, లోపలంతా గీకి కడిగి, మధ్యలోని పాలిథిలిన్ పలక మార్చి, యాంటీబయాటిక్‌లు ఇస్తాం. ఆ కడిగే పనిలో లేజరు ఎప్పటికైనా తోడు రావచ్చు.

రెండోమోకాలు

ఈ రెండు విడతల దారి నేను నడిచాను. అందరూ ఆపరేషన్ల గురించి చెబుతారు, మధ్య కాలం గురించి చెప్పరు. కీలు స్థానంలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు, దాన్ని స్పేసర్ అంటారు. నాకు పెట్టింది వంగని రకం. కాలు కర్రలా ఉండేది, వాకర్ లేనిదే అడుగు పడేది కాదు. అమ్మగారు ఇంటికి రాకముందే మంచం, మరుగుదొడ్డి ఎత్తు చూసుకోండి. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది. నాకు ముందుగా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత హడావిడి చేసేదాన్ని కాదు.

ఆరాటం

డాక్టరు గారు, మీరు రాసింది అన్నయ్యకు చదివి వినిపించాను. తను చదివిన ప్రయోగంలో 99.9 శాతం బ్యాక్టీరియా చచ్చిందట. మిగిలిన కాస్తను మందులు చూసుకోవా అంటున్నాడు.

కల్చర్‌ప్లేటు

ఇది నా వంతు, మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను. కోటి బ్యాక్టీరియాలో 99.9 శాతం చస్తే ఇంకా పదివేలు మిగులుతాయి. అవి బంకపొరలో దాక్కుని ఉంటే, నీటిలో తేలే వాటిని చంపే మోతాదుకు వంద నుంచి వెయ్యి రెట్లు మందు కావలసి రావచ్చు. అంత మోతాదు నోటి ద్వారానో నరం ద్వారానో ఇవ్వలేరు. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా వాడేది చిన్న టైటానియం బిళ్ల, దాని మీద ఒకటి రెండు రోజుల వయసు పొర. మీ అమ్మగారి కాల్లోది ముదురు పొర.

ఒక మాట అడగకుండానే చెబుతున్నాను. ఆ రంధ్రం మీద దూదితో తీసిన నమూనాను నమ్ముకోవద్దు, అందులో చర్మం మీది బ్యాక్టీరియా పెరిగి దారి తప్పిస్తుంది. సూదితో కీలు లోపలి ద్రవం తీయాలి. ఇప్పటికే యాంటీబయాటిక్‌లు వాడుతుంటే, ఆరోగ్యం అనుమతిస్తే దాదాపు రెండు వారాలు ఆపి తీయడం మంచిది. ఆపాలా వద్దా అన్నది సర్జన్ గారే తేల్చాలి. కొన్ని బ్యాక్టీరియాలు నత్తనడకన పెరుగుతాయి కనుక కల్చర్‌ను, అంటే ల్యాబులో వాటిని పెంచి చూసే పరీక్షను, 14 రోజుల దాకా ఉంచమని అడగండి.

పాతకత్తి

పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఆ రంధ్రం లోపలి కీలుతో కలిసి ఉందని తేలితే ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్న చర్చే ఉండదు. చలిజ్వరం వస్తే మాత్రం కల్చర్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రెండు విడతలే దిక్కు కూడా కాదు. ఏ బ్యాక్టీరియానో ముందే తెలిసి, చర్మం, ఎముక బాగుంటే కొందరికి ఒకే ఆపరేషన్‌లో పాతది తీసి కొత్తది పెడతారు. మీ సర్జన్ గారు అది ఎందుకు వద్దంటున్నారో అడగండి.

ఆరాటం

అడుగుతాను. అమ్మ మీ జవాబు మొత్తం విని ఇంకో ప్రశ్న వేసింది: "ఎలాగూ తెరుస్తారుగా, ఇనుము తీశాక లోపల ఆ వెలుగు కూడా వేయమను, పోయేదేముంది?"

పాతకత్తి

గట్టి మనిషే! లోహం, సిమెంటు బయటికి వచ్చాక పొర అంటుకున్న ముఖ్యమైన గోడలే పోతాయమ్మా. మిగిలేది ఎముక, మెత్తటి కణజాలం. వాటిలో చెడినదాన్ని కోసి, గీకి, బాగా కడుగుతారు. అక్కడ లేజరు చేయగలిగింది తక్కువ, ఎముక వేడెక్కే భయం మాత్రం ఉంటుంది. తీసిన ఆ లోహాన్ని పారేయకుండా ల్యాబుకు పంపుతారేమో కనుక్కోండి. అల్ట్రాసౌండ్‌తో కంపింపజేసి దాని మీది పొరను ద్రవంలోకి దులిపి కల్చర్ చేస్తారు. మామూలు కల్చర్‌లో దొరకని బ్యాక్టీరియా అందులో దొరకవచ్చు.