గది పెంచుకున్నా గాలి ఆగకూడదంటే ఇల్లు ఎలా గీయాలి?

నమస్కారం అండీ. ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి స్టూడియో ప్రాజెక్టు, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి ఇళ్లు. చిలీలోని ఇకీకేలో 2004లో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం పూర్తి చేసిన కింటా మోన్రాయ్ అనే ఇళ్ల సముదాయం నాకు చాలా నచ్చింది. సగం ఇల్లు కట్టిచ్చి, మిగతా సగం ఆ కుటుంబమే వీలునిబట్టి కట్టుకునేలా చోటు వదిలారు. నేనూ అదే దారి పట్టాను, కాకపోతే ఇంటి నడుమ పైకప్పు లేని చిన్న లోగిలి పెట్టాను.

అట్టతో చేసిన మోడల్‌లో అగరుబత్తి వెలిగించి పెడితే పొగ లోగిలిలోంచి నిటారుగా పైకి పోయింది. వేడిగాలి తేలికై లేస్తుంటే కింది కిటికీ కొత్త గాలిని లాక్కుంటోంది. తీరా తర్వాత కట్టుకునే గది ముక్క అతికించగానే పొగ మూలన సుడి తిరిగి అక్కడే ఆగిపోయింది!

లోగిలి మూయకూడదని షరతు పెట్టమంటున్నాడు మా ఫ్రెండ్. నాకు మనసొప్పడం లేదు, ఇల్లు వాళ్లది కదా. మెట్లు లోగిలిలోనే పెడితే ఎవరూ మూయరేమో, కానీ కింది గదికి వెలుతురు తగ్గుతోంది.

ఇలాంటి ఇళ్లు డిజైన్ చేసినవాళ్లు, లేదా ఉంటూ ఉంటూ గదులు పెంచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరు ముందుగా ఏ ఖాళీ మూసేశారు, ఎందుకు? దయచేసి చెప్పండి. వీలైతే ఒక చేతి స్కెచ్ పెట్టినా చాలు.