దృష్టిలోపమున్న పిల్లల కుటుంబాల సదస్సు: రెండు రోజులను ఎలా వినియోగించుకోవాలి?

ప్రశ్న (ఒక తల్లి):

మా అబ్బాయికి నాలుగేళ్లు. నెలలు నిండకుండా పుట్టడం వల్ల రెటీనా (కంటి వెనుక భాగంలో వెలుతురును గ్రహించే పొర) దెబ్బతిని ఒక కంటికి చూపు పూర్తిగా పోయింది. రెండో కంటితో, బాగా దగ్గరగా పెట్టుకుంటే, పెద్ద బొమ్మలనూ ముదురు రంగులనూ గుర్తుపడతాడు. దృష్టిలోపమున్న పిల్లలను పెంచుతున్న కుటుంబాల కోసం శని, ఆదివారాల్లో జరిగే సదస్సుకు మేము మొదటిసారి వెళ్తున్నాము. ఒకే సమయంలో మూడు నాలుగు గదుల్లో ప్రసంగాలు ఉన్నందున ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు. కొత్త చికిత్సల గురించి వైద్యులు మాట్లాడే సభలన్నింటికీ వెళ్దామని మావారు అంటున్నారు. నాకు మాత్రం చదువు గురించే బెంగగా ఉంది. కొంత చూపు ఉన్న పిల్లవాడికి పెద్ద అక్షరాల పుస్తకాలు సరిపోతాయా, లేక బ్రెయిలీ కూడా నేర్పించాలా? తొమ్మిదేళ్ల మా పెద్దమ్మాయిని వెంట తీసుకువెళ్లడం మంచిదేనా? ఇటువంటి సదస్సులకు వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (కాలేజీలో చదువుతున్న అమ్మాయి తల్లి):

మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి మీవారి ఆరాటం నాకు బాగా తెలుసు. వైద్యుల సభ ఒకదానికి తప్పకుండా వెళ్లండి, కానీ ఏ చికిత్స గురించి విన్నా అది ఏ కారణం వల్ల వచ్చిన లోపానికి ఉద్దేశించినదో ముందు అడగండి. ఉదాహరణకు, 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యుచికిత్స ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉండి, రెటీనాలో పనిచేయగల కణాలు ఇంకా మిగిలి ఉన్నవారికి మాత్రమే పనికివస్తుంది. మీ బాబుకు జరిగినది వేరు. గర్భంలో పూర్తికావలసిన రెటీనా రక్తనాళాల ఎదుగుదల బయట అస్తవ్యస్తంగా సాగడం వల్ల వచ్చిన నష్టం అది. ఇటువంటి పిల్లలకు పెద్దయ్యాక కూడా రెటీనా ఊడిపోయే ప్రమాదం, కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంటాయి కాబట్టి, మిగిలిన చూపును కాపాడుకోవడానికి ఎంతకాలానికొకసారి పరీక్ష చేయించాలి, ఏ లక్షణం కనబడితే వెంటనే పరుగెత్తాలి అన్నవే మీరు వైద్యులను అడగవలసిన ప్రశ్నలు.

తక్కిన సమయాన్ని, నా మాట నమ్మి, చూపు లేకుండా పెరిగి పెద్దవారై ఉద్యోగాలు చేసుకుంటూ సంసారాలు నడుపుకుంటున్నవారితో గడపండి. చేతికర్ర ఏ వయసులో పట్టుకున్నారో, పొయ్యి దగ్గర పని ఎలా నేర్చుకున్నారో, తల్లిదండ్రులు తమకోసం చేసిన పనుల్లో ఏవి చేయకుండా ఉంటే బాగుండేదో వారిని అడగండి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు కొంచెం బాధపెడతాయి, అయినా అడగండి. మన పిల్లల భవిష్యత్తు గురించి మనం పడే భయంలో చాలా భాగం అటువంటి పెద్దవారిని ఒక్కరినైనా దగ్గరగా ఎరుగకపోవడం వల్ల వచ్చినదేనని నా గట్టి అభిప్రాయం.

సమాధానం 2 (దృష్టిలోపమున్న పిల్లల ఉపాధ్యాయురాలు):

అమ్మా, పెద్ద అక్షరాలా, బ్రెయిలీయా అన్నది రెండింటిలో ఒకటే ఎంచుకోవలసిన విషయం కాదు. కొంత చూపు ఉన్న పిల్లల్లో చాలామంది రెండూ నేర్చుకుంటారు. ఇక్కడ చూడవలసినది అక్షరం కనబడుతోందా లేదా అన్నది ఒక్కటే కాదు. ఎంతసేపు చదివితే కన్ను అలసిపోతోంది, మెడ ఎంత వంచవలసి వస్తోంది, తరగతి పెరిగి పాఠాలు పొడవైనప్పుడు ఆ వేగం సరిపోతుందా, చూపు ఇలాగే నిలుస్తుందా అన్నవి కూడా చూడాలి. వీటిని పరిశీలించే అంచనా పరీక్షను కంటి వైద్యులు కాక, శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయులు బాబు మామూలుగా ఆడుకునే, తిరిగే చోట్లలో చేస్తారు. అది ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో సదస్సులో కనుక్కోండి.

బ్రెయిలీ కష్టమనే భయం పెట్టుకోకండి. లూయీ బ్రెయిలీ 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులోనే, ఈ లిపిని రూపొందించాడు. ఆరు చుక్కలతో 63 ఆకారాలు ఏర్పడతాయి. నాలుగేళ్ల వయసులో అక్షరాలకు తొందరపడనవసరం లేదు. గరుకును, నునుపును వేళ్లతో గుర్తించడం, రెండు చేతులతో వెతకడం, ఉబ్బెత్తు బొమ్మల పుస్తకాన్ని ఎడమనుంచి కుడికి తడమడం వంటివి ఆటగా సాగితే చాలు. ప్రదర్శనలో బ్రెయిలీ టైపు యంత్రం ఉంటే బాబు చేత మీటలు నొక్కించండి. వినికిడి పుస్తకాలు, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఎంతో మేలు చేస్తాయి, కానీ పదంలో ఏ అక్షరం పక్కన ఏది ఉందో, విరామచిహ్నం ఎక్కడ పడిందో పిల్లవాడికి తనంతట తాను తెలియాలంటే అక్షరం కంటికో వేలికో అందాలి.

సమాధానం 3 (ఇద్దరు పిల్లల తండ్రి):

మా చిన్నవాడి కళ్లు బాగానే ఉన్నాయి, కానీ చూసినదాన్ని మెదడు గ్రహించడంలో లోపం ఉంది. అందువల్ల కొన్ని ప్రసంగాలు మాకు అసలు వర్తించలేదు. మీరు కూడా ప్రసంగం శీర్షికతో ఆగకుండా, అది ఏ రకమైన లోపం గురించినదో చూసి ఎంచుకోండి. భార్యాభర్తలు చెరొక గదికి వెళ్లి రాత్రికి విన్నవి చెప్పుకోవచ్చు.

మీ పెద్దమ్మాయిని తప్పకుండా తీసుకువెళ్లండి. తోబుట్టువుల కోసం విడిగా సమావేశం ఉందేమో ముందే అడగండి. మా వాడి అక్క తమ్ముడిమీద కోపం వచ్చినా పైకి అనకుండా దాచుకునేది. తనలాంటి పిల్లల మధ్య కూర్చున్నాకే ఆ మాట పెదవి దాటింది. ఇక బాబు సంగతికి వస్తే, పెద్ద హాలులోని రొద పిల్లలను త్వరగా అలసటకు గురిచేస్తుంది కాబట్టి, జనం రాకముందే వాడి చేయి పట్టుకుని గోడలు, మెట్లు, తలుపులు తడిమించి, నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి చూసిపెట్టుకోండి.

సమాధానం 4 (చూపులేని వ్యక్తి, ఇటువంటి సదస్సుల్లో ప్రసంగిస్తుంటారు):

మొదటి సమాధానం ఇచ్చిన తల్లిగారు చెప్పిన ప్రశ్నలన్నీ మమ్మల్ని నిస్సంకోచంగా అడగండి, వాటికోసమే మేము వస్తాము. దగ్గరకు వచ్చినప్పుడు మీ పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. బాబును మీ పక్కన నిలబెట్టి వాడి గురించి మాతో మాట్లాడడం కన్నా, వాడినే మాతో మాట్లాడనివ్వండి. నా కర్రను పట్టుకుని చూడాలని అడిగే పిల్లలకు నేను సంతోషంగా ఇస్తాను. పొడవు వారికి సరిపోదు గానీ, కర్ర కొన నేలను తాకినప్పుడు రాయికీ మట్టికీ తేడా చేతికి ఎలా తెలుస్తుందో ఆ కాసేపట్లోనే పట్టుకుంటారు. నాలుగేళ్ల వయసు చేతికర్రకు మరీ చిన్నది కాదు. వాడి ఎత్తుకు తగిన కర్ర గురించి నడక శిక్షకులను ఈ సదస్సులోనే అడగండి.