సమస్యాపూరణం: “దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని”

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య తేటగీతి చివరి పాదం, పైన మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని

ఈసారి ఒక షరతు ఉంది. క్రైస్తవంలో పాలక పునీతులు అంటారు కదా, ఓడలవాళ్ళకి ఒకరు, ప్రయాణికులకి ఒకరు, పోయిన వస్తువు దొరకాలంటే ఒకరు, మనకి ఊరికి కాపుగా పోలేరమ్మ ఉన్నట్టు వాళ్ళకి ఊరికీ వృత్తికీ కష్టానికీ ఒక్కొక్కరు ఉంటారు, వాళ్ళలో ఎవరో ఒకరు పద్యంలోకి రావాలి, అదీ ఏదో ఒక కథలోనో నాటకంలోనో జనం చెప్పుకునే గాథలోనో కనిపించిన తీరులో రావాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో సరిపడే అక్షరం పడటం) అయినా ప్రాసయతి (దాని బదులు రెండో అక్షరాన్ని కలపడం) అయినా సరే. నేను గట్టిగా అడిగేది ఒక్కటే, అంతటి మౌని దొంగదారిన ఎందుకు రావాల్సి వచ్చిందో పద్యంలోనే తెలియాలి, కింద వచనంలో రాసి దాటేయొద్దు.

చుక్కలముగ్గు:
మాస్టారూ, నా ప్రయత్నం. 4వ శతాబ్దంలో మైరాకి బిషప్‌గా ఉన్న నికోలస్ గురించి, ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్ళు, కట్నానికి డబ్బు లేదు, పెళ్ళి కాకపోతే ఆ పిల్లల్ని పడుపువృత్తికి పంపాల్సిన గతి, అప్పుడు నికోలస్ రాత్రిపూట వాళ్ళ కిటికీలోంచి బంగారం మూట పడేస్తాడు, అలా ఒక్కో పిల్లకి ఒక్కో మూట. 13వ శతాబ్దంలో రాసిన ‘గోల్డెన్ లెజెండ్’లో ఈ కథ ఉంది.

కన్నెపిల్లలు మువ్వురు కట్నమునకు
పైకమే లేక కుమిలెడు పాత యింట
పసిడి మూటను కిటికిలో బడగ వేయ
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

నిర్వాహకుడు:
బాగుందమ్మా, గణాలు యతులు అన్నీ సరిపోయాయి, ‘పాత యింట’ అన్న రెండు మాటల్లో బతికి చెడ్డ కుటుంబం అని తెలిసిపోయింది, కథలో కూడా ఆ తండ్రి ఒకప్పుడు ఉన్నవాడే. నాకు తృప్తి కలగనిది ఒక్కటే. ఇవ్వడానికి వచ్చాడు సరే, గుమ్మంలోంచి ఇవ్వొచ్చు కదా, కిటికీ ఎందుకు? నేను అడిగింది ఆ ‘ఎందుకు’. మీ పద్యం కిటికీ దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

గుణదలవాసి:
నేను క్రిస్మస్ తాత మీద రాశాను. చిన్నప్పుడు మా చర్చిలో డిసెంబర్ వచ్చిందంటే ఆ వేషం వేసుకుని ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు, ఆయన అసలు ఈ నికోలసే అని చాలా పెద్దయ్యాక తెలిసింది నాకు.

మంచు రాతిరి పొగగొట్టమందు దూరి
పిల్లలకు బొమ్మలను తెచ్చి నవ్వుకొనుచు
తెల్ల గడ్డాన నగవులు తేలియాడ
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

నిర్వాహకుడు:
‘తెల్ల గడ్డాన నగవులు తేలియాడ’ చాలా అందంగా పడింది. రెండో పాదంలో యతి తప్పింది, ‘పి’కి ‘న’ చెల్లదు, పైగా నవ్వు కింద పాదంలో ఎలాగూ ఉంది కాబట్టి ఇక్కడ అక్కర్లేదు. ‘పిల్లలకు బొమ్మలను తెచ్చి పేర్మితోడ’ అంటే పి–పే యతి కుదురుతుంది, నవ్వు ఒక్కచోటే మిగులుతుంది. ఇంకోటి, క్రిస్మస్ తాతని మౌని అంటే అన్వయం కుదురుతుందా? గలగలా నవ్వే మనిషి కదా.

పాతపుస్తకం:
కుదురుతుంది మాస్టారూ, నేను పూచీ. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్ అనే ఊళ్ళో 1823 డిసెంబర్ 23న ఒక పేపర్లో ఒక పద్యం వచ్చింది, ఇవాళ మనం చూసే తాత రూపం చాలావరకు దాంట్లోంచే పుట్టింది, ఎనిమిది దుప్పులు, పొగగొట్టం, మేజోళ్ళ నిండా బొమ్మలు, ఒళ్ళంతా బొచ్చు తొడుగు, దానికి అంటుకున్న మసి బూడిద, అన్నీ అందులోవే. ఆ పద్యంలో నికోలస్ ఇంట్లోకి దిగాక ఒక్క మాట మాట్లాడడు, నేరుగా పనిలోకి దిగిపోయి మేజోళ్ళు నింపి, ముక్కు పక్కన వేలు పెట్టుకుని తల ఊపి మళ్ళీ గొట్టంలోంచి పైకి వెళ్ళిపోతాడు. బండెక్కి పోతూపోతూ మాత్రం శుభాకాంక్షలు అని అరుస్తాడు. అంటే ఇంట్లో ఉన్నంతసేపూ అక్షరాలా మౌనే! ఇంకో సంగతి, ఆ పద్యం అచ్చయినప్పుడు కవి పేరు లేదు, క్లెమెంట్ మూర్ 1844లో తన పుస్తకంలో వేసుకున్నాడు గానీ అది వేరే ఆయన రాసింది అనే వాదన ఇప్పటికీ ఉంది. ఇచ్చేవాడు పేరు చెప్పకుండా ఇచ్చిన కథ, పేరు లేకుండానే జనంలోకి వచ్చింది, నాకది ఎంత బాగా నచ్చిందో చెప్పలేను.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను, ‘మౌని’ సార్థకమైంది, మంచి సంగతి చెప్పారు. కానీ గుణదలవాసి గారూ, ఇక్కడ కూడా అదే లోటు ఉంది. పొగగొట్టం వచ్చింది, కారణం రాలేదు. పాత కథలో చీకట్లో రావడానికి ఒక అవసరం ఉంది, బొమ్మల కథలోకి వచ్చేసరికి చీకటి మిగిలింది, అవసరం పోయింది. మీ తప్పు కాదు, కథే అలా మారింది.

పాతపుస్తకం:
నా పూరణ ఇది. 1200 ప్రాంతంలో ఫ్రాన్సులో అరాస్ అనే ఊళ్ళో ఝాన్ బొడెల్ అనే కవి నికోలస్ మీద ఒక నాటకం రాశాడు. క్రైస్తవుడు కాని ఒక రాజు తన ఖజానాకి కాపలాగా నికోలస్ విగ్రహాన్ని పెట్టి తలుపులు బార్లా తీసి ఉంచుతాడు, సొమ్ము పోతే ఆ విగ్రహానికి మొక్కిన ఖైదీ ప్రాణం పోతుంది. ముగ్గురు దొంగలు ఎత్తుకుపోయి సారాకొట్లో తాగి పాచికలాడి పడుకుంటారు, నికోలస్ వచ్చి లేపి ఉరికంబం ఎక్కుతారని బెదిరించి సొమ్ము తిరిగి పెట్టిస్తాడు.

కొల్లగొట్టిన సొమ్ముతో కల్లు పాక
జేరి పాచికలాడంగ చీకటింట
తిరిగి యిమ్మని చోరుల దిట్టిపోయ
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

ఇంగ్లీషు వాళ్ళ దగ్గర కూడా ఈయనకి దొంగలతో సంబంధం ఉంది, షేక్స్పియర్ ‘హెన్రీ ద ఫోర్త్’ మొదటి భాగంలో దారిదోపిడీ చేసేవాళ్ళని ‘సెయింట్ నికోలస్ గుమాస్తాలు’ అంటారు.

నిర్వాహకుడు:
ఇది విరుపు అంటే! దొంగదారి అని ఒక మాటగా తీసుకోకుండా, దొంగ వెళ్ళిన దారినే వెంబడించి వచ్చాడు అని విడగొట్టారు. సమస్యలో ఉన్న నింద మొత్తం కరిగిపోయింది. మొదటి పాదంలో కొల్ల–కల్లు ప్రాసయతి చక్కగా ఉంది, ‘తిట్టిపోయ’ అన్నది వాడుక మాటే అయినా ఇక్కడ ప్రాణం పోసింది, మార్చొద్దు.

చుక్కలముగ్గు:
అన్నయ్యా, చాలా బాగుంది. నాకూ ఇంకోటి తట్టింది, నికోలస్ అసలు నిజంగానే దొంగల చేతుల మీదుగా వచ్చాడు కదా! 1087లో ఇటలీలోని బారి ఊరి నావికులు మైరాకి వెళ్ళి సమాధి పగలగొట్టి ఎముకలు ఓడలో వేసుకుని పట్టుకొచ్చేశారు, అప్పటికి ఆ ప్రాంతం తురుష్కుల చేతిలోకి పోతోంది, వెనీస్ వాళ్ళు కూడా అదే పని మీద ఉన్నారని వీళ్ళు ముందే వెళ్ళారట. ఇప్పటికీ బారిలో మే నెలలో ఆ రాకని పండగలా చేస్తారు.

బారి నావికు లొకనాడు పగులగొట్టి
మైర గుడిలోని గోరిని మరచి భయము
ఎముకలను దోచి నావలో నిటలి చేర్చ
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

నిర్వాహకుడు:
అమ్మా, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. సమస్యని ఒక్క అక్షరం విరవకుండా ఉన్నదున్నట్టు నిజం చేసేశారు. చిన్న సవరణ, పద్యం మధ్యలో పాదం అచ్చుతో మొదలైంది, ‘మరచి భయము / నెముకలను’ అనండి, ద్రుతసంధి అవుతుంది, యతి ఎలాగూ ‘ఎ’కే చెల్లుతుంది. ఇది కథ కాదు చరిత్ర కదా అని ఎవరైనా అడగొచ్చు, జనం పండగ చేసుకుంటూ చెప్పుకునేది గాథే, నేను తీసుకుంటున్నాను.

కొత్తకలం:
మాస్టారు గారూ నేను కొత్త, తప్పులుంటే క్షమించండి. క్రిస్టఫర్ మీద రాద్దామనుకున్నా, ప్రయాణికుల పునీతుడు, డ్రైవర్లు బండిలో ఆయన పతకం పెట్టుకుంటారు కదా. ఏరు దాటించేటప్పుడు భుజం మీద పిల్లాడు మోయలేనంత బరువైపోతాడు, చూస్తే ఆ పిల్లాడే క్రీస్తు. ఒక్క పాదమే వచ్చింది: ‘పిల్లవాని బరువు కొండలాయె’.

నిర్వాహకుడు:
క్షమాపణ ఎందుకు బాబూ, రాయడమే కావాలి. అన్నీ సూర్యగణాలే పడ్డాయి, అది ఆటవెలది నడక. తేటగీతికి మొదట ఒక సూర్యగణం, తర్వాత రెండు ఇంద్రగణాలు, చివర మళ్ళీ రెండు సూర్యగణాలు, యతి నాలుగో గణం మొదట్లో. నీ భావాన్నే ఇలా చెప్పొచ్చు: ‘బాలుడెక్కిన భుజముపై భారమయ్యె’. బా–లు, డె–క్కి–న, భు–జ–ము–పై అని వేళ్ళ మీద లెక్కేసుకుంటూ గట్టిగా చదువు, రెండ్రోజుల్లో చెవికి పట్టేస్తుంది. అయితే క్రిస్టఫర్ కథలో దొంగదారి లేదు, కాబట్టి ఈ సమస్యకి అతకదు, పాదం దాచుకో.

గుణదలవాసి:
నాది రెండో పూరణ, ఇంగ్లండుకి పాలక పునీతుడు జార్జి. డ్రాగన్ని చంపిన కథ అందరికీ తెలుసు, కానీ 1898లో కెన్నెత్ గ్రేమ్ రాసిన పిల్లల కథలో ఆ డ్రాగన్ ఎవరి జోలికీ పోదు, కొండ మీద పడుకుని కవిత్వం రాసుకుంటుంది. ఊరంతా చంపమని గోల. ఒక పిల్లాడు జార్జిని తీసుకెళ్ళి డ్రాగన్‌తో మాట్లాడిస్తే, ముగ్గురూ కలిసి ఉత్తుత్తి యుద్ధం ఒకటి ఏర్పాటు చేసుకుంటారు, ఈటె ఎక్కడ గుచ్చాలో కూడా ముందే చూసుకుంటారు, మందంగా మడతలు పడ్డ చర్మం ఉన్నచోట నొప్పి తెలియకుండా.

కవిత లల్లెడి పామును కత్తి దూసి
చంపుమని యూరు గోలలు సలుపుచుండ
కొండ గుహలోన సంధిని గూర్చుకొనగ
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

నిర్వాహకుడు:
కవిత్వం రాసే పాముని మనం ఎలా కాదంటాం! కారణం కూడా పద్యంలోనే ఉంది, ఊరి గోల ఒకవైపు, సంధి ఒకవైపు, కాబట్టి చాటుగా వచ్చాడు. ‘సంధిని గూర్చుకొనగ’ హాయిగా ఉంది. ఒక్క ఇబ్బంది, జార్జి సైనికుడు, మౌని అనడం బలవంతమే. ఇచ్చిన పాదాన్ని మార్చలేం కాబట్టి పైన మూడు పాదాల్లో ఎక్కడైనా ఆయన తపస్సో మౌనమో సూచిస్తే అతికేది.

గోదారిగట్టు:
మాస్టారూ, మొదట్నుంచీ మీరు అడుగుతున్న ‘ఎందుకు’ నన్ను నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే దానికి జవాబు నేను మా నాన్న నోట విన్నాను. మాది లంక ఊరు, నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. మా వెనకింట్లో భర్త పోయిన ఒకావిడ కూతురి పెళ్ళి పెట్టుకుంది, పెళ్ళికి నాలుగు రోజులు ముందు నాన్న రాత్రి లాంతరు ఆర్పేసి గోతాం భుజాన వేసుకుని దొడ్డిదారిన బయల్దేరాడు, నేను వెంటపడ్డాను, తడిసిన అరిటాకులు మొహానికి తగులుతున్నాయి, కాలవగట్టు మీద కాలు జారుతోంది, వాళ్ళ పెరట్లో రోలు పక్కన చప్పుడు కాకుండా దింపి వచ్చేశాం. పొద్దున్నే గుమ్మంలోంచి ఇవ్వొచ్చు కదా నాన్నా అన్నాను. ‘అలా ఇస్తే రేపు నేనెదురుపడ్డప్పుడు ఆవిడ తలొంచుకుని పక్కకి తప్పుకుంటుందిరా, నాకది వద్దు’ అన్నాడు. గుప్తదానం అన్న మాట చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను గానీ అర్థం ఆ రాత్రే తెలిసింది.

ఇచ్చు చేతిని జూచిన నించుకైన
పుచ్చుకొనువాని తల వంగిపోవుననుచు
ముఖము చూపక చీకటి ముసుగు వేసి
దొంగ దారిని వచ్చెను దొడ్డ మౌని.

చుక్కలముగ్గు:
అన్నయ్యా, నా పద్యం కిటికీ దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది. ‘పుచ్చుకొనువాని తల వంగిపోవు’, ఆ పాదం నాకు రావాల్సింది, కన్నెపిల్లల మీదే దృష్టి పెట్టి ఆ తండ్రిని చూడలేదు నేను.

నిర్వాహకుడు:
నేను అడిగింది ఇదే. ‘ఇంచుక’లో యతి ద్రుతసంధి వల్ల సరిగ్గా పడింది, ‘పు–పో’ సరే, వేలు పెట్టడానికి ఒక్క అక్షరం లేదు. పునీతుడి పేరు పద్యంలో లేదు కదా అని షరతు గుర్తుచేయబోయి ఆగాను, చుక్కలముగ్గు గారి కథ పైన ఉండగా వేరే పేరు అక్కర్లేదు. ఆ కథలో ఇంకో ముక్క ఉంది, చివరి మూట పడ్డ రాత్రి ఆ తండ్రి చప్పుడుకి లేచి వెంటపడి నికోలస్‌ని పట్టుకుని కాళ్ళ మీద పడతాడు, అప్పుడు నికోలస్ అడిగేది ఒక్కటే, నేను బతికుండగా ఈ మాట ఎవరికీ చెప్పకు అని. అన్నట్టు, మీ నాన్నగారి సంగతి ఆవిడకి తెలిసిందా ఎప్పటికైనా?

గోదారిగట్టు:
తెలిసింది మాస్టారూ. నాన్న గోతాం మూతి దబ్బనంతో కుట్టేవాడు కాదు, పురికొస రెండు మెలికలేసి కొస లోపలికి దోపేవాడు, ఊళ్ళో ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. పెళ్ళయిన మర్నాడు మా ఇంటికి పూర్ణాలు పంపింది, ఆ పురికొస మాత్రం పారెయ్యకుండా పెరట్లో దండేనికి కట్టుకుంది, నేను పదో తరగతి అయ్యేదాకా రోజూ కనబడేది.